గాబు విత్తనాల నిద్ర

అక్కలారా, చెల్లెళ్లారా!

పొలంలో కలుపును మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గాబు అంటాం. గాబు తీసేది ఎవరు? మనమే. బురదలో నడుం వంచి రోజంతా తీస్తాం. పదిహేను రోజులు తిరక్కుండా మళ్లీ మొలుస్తుంది. "మొన్ననే కదా తీశాం, ఇదెక్కడి నుంచి వచ్చింది?" అనుకుంటాం.

అది ఎక్కడి నుంచీ రాలేదు. మట్టిలోనే ఉంది. నిద్రపోతూ ఉంది.

విత్తనం నిద్రపోతుందా? పోతుంది. మన వడ్లే చూడండి. కొన్ని రకాల కొత్త వడ్లు కోయగానే నానబెడితే మొలవవు. ఎండబెట్టి కొన్ని వారాలు ఆగితే మొలుస్తాయి. గాబు విత్తనాల నిద్ర ఇంకా పెద్దది. అమెరికాలో బీల్ అనే శాస్త్రవేత్త 1879లో గాబు విత్తనాలను సీసాల్లో పోసి భూమిలో పాతిపెట్టాడు. 2021లో ఒక సీసా తవ్వి తీశారు. 141 ఏళ్ల తరవాత కూడా కొన్ని మొలిచాయి!

మరి ఎప్పుడు లేవాలో విత్తనానికి ఎలా తెలుస్తుంది? తడి, వెలుతురు, వేడి దాన్ని లేపుతాయి. ఇవాళ వేడి సంగతి చెప్పుకుందాం.

బయలు నేల పగలు కాలుతుంది. రాత్రి చల్లబడుతుంది. పైన ఉన్న విత్తనానికి ఈ తేడా బాగా తగులుతుంది. జానెడు లోతులో పగలూ రాత్రీ వేడి ఇంచుమించు ఒకటే. చాలా రకాల గాబు విత్తనాలకు ఈ తేడాయే గుర్తు. తేడా ఉంటే, తడి తగలగానే లేస్తాయి. లేకపోతే పడుకుంటాయి. పైరు నేలను కమ్మినా, మడిలో నీరు నిలిచినా ఈ తేడా తగ్గుతుంది. నీటి కింద విత్తనానికి గాలి కూడా చాలదు. అందుకే నీరు నిలిచిన మడిలో గాబు తక్కువ. నీరు ఆరితే ఊద గడ్డి లేస్తుంది.

ఇది తెలిస్తే మనం ఏం చెయ్యవచ్చు?

ఒకటి, వేసవి దుక్కి. రోహిణి ఎండకు నేల పైపొర వేడి 50 డిగ్రీలు దాటవచ్చు. అప్పుడు దున్ని తుంగ దుంపలను పైకి తెస్తే చాలా వరకు ఎండి చస్తాయి. తడి నేలలో దున్నితే మాత్రం దుంపలు చెదిరి తుంగ ఇంకా పెరుగుతుంది.

రెండు, గాబును ముందే లేపడం. తొలి వాన పడగానే విత్తనాలు చల్లకండి. పది రోజులు ఆగండి. గాబు మొలుస్తుంది. అప్పుడు పైపైన గుంటక తోలి చంపండి. లోతుగా దున్నకండి. దున్నితే కింద పడుకున్న విత్తనాలు పైకి వస్తాయి. తరవాత చోళ్లు విత్తండి, వరి వెదజల్లండి. అదును మాత్రం దాటనివ్వకండి.

గాబు కూలి మీద బతికేవాళ్లమూ మనలో ఉన్నాం. గాబు తగ్గితే కూలి పోతుందని భయం ఉంటుంది. ఆ భయం అబద్ధం కాదు. కానీ సొంత చెక్కలో, కౌలు చెక్కలో మనం తీసే గాబుకు కూలి ఎవరిస్తారు? అక్కడైనా మన నడుం కాపాడుకుందాం.

నా మాట నమ్మవద్దు. చేసి చూడండి. పెరట్లో మంచమంత నేల రెండు చోట్ల గుల్ల చెయ్యండి. ఒకదాని మీద ఎండుగడ్డి మందంగా కప్పండి. గడ్డి వేడినీ, వెలుతురునూ రెండిటినీ ఆపుతుంది. రెండో దాన్ని బయలుగా వదలండి. రెండింటికీ సమానంగా నీళ్లు పొయ్యండి. పది రోజుల తరవాత మొలకలు లెక్కపెట్టండి. కాగితం మీద రాయండి. మనకిప్పుడు రాయడం వచ్చు కదా!

ఆ కాగితాలు తీసుకుని కేంద్రానికి రండి. ఒకరిది ఒకరం చదువుకుందాం. సెలవు.