పాత యంత్రమునకు కొత్త గాదె

పంట యింటికి వచ్చిన దినమున గాదె చాలకపోయినచో రైతు ఏమి చేయును? పాత గాదెను పగులగొట్టడు. ప్రక్కన మరియొకటి కట్టించును; తాహతు లేనిచో పొరుగువాని గరిసెను ఎరువు తెచ్చుకొనును. ఈ పూట మేము శ్రోతలతో ముచ్చటింపదలచినది అట్టి గాదెను గూర్చియే. కాని మా పంట వడ్లు కాదు, మాట. మా గాదె వెదురుతో అల్లినది కాదు, గిరగిర తిరుగు అయస్కాంతపు పళ్లెము.

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపూరులో, సైబర్ టవర్సు అను భవనమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. నేడు హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు పేరు మోసిన ప్రాంతమున తొలుత లేచిన మేడలలో అది ముఖ్యమైనది. ఆ మరుసటి యేడు మేము నలుగురము చందాలు వేసికొని ఒక డిజిటల్ రికార్డరును కొంటిమి. హార్మోనియము పెట్టె యంత యుండెను. దానిని కొన్నది సినిమా పాటలు కట్టవలెనను ఉబలాటముతోనే; దాచుట యెందులకు? ఆ ఉబలాటము రెండేండ్లలో చల్లారినది. యంత్రము మిగిలినది.

అప్పటికి మాదాపూరు, ఖానామెట్టు, కొండాపూరు, గుట్టల బేగంపేట గ్రామములలో వెనుకటి మనుష్యులు ఇంకను ఉండిరి. చుట్టును కొండరాళ్లు, వాని నడుమ జొన్నచేలు, కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు నీరందించిన దుర్గము చెరువు – ఇవి వారి లోకము. ఆ లోకము దినదినము ట్రాక్టర్ల కెక్కి తరలిపోవుచుండగా, కనీసము దాని గొంతునైనను పట్టి యుంచుదమని మాలో ఒకరికి తోచెను. 2001 మొదలు 2003 వరకు ఆదివారములందు ఆ యంత్రమును మోసికొని ఊళ్లు తిరిగితిమి. ఒక వడ్డెర వృద్ధుడు రాతిని సుత్తి మొనతో తట్టి, ఆ మ్రోతనుబట్టి లోపల నెఱ్ఱె ఎటు పోయినదో చెప్పుచుండెను. ఆ మ్రోతలను వరుసగా వ్రాసికొంటిమి. కొండాపూరులో ఆరుగురు స్త్రీలు కూర్చుండి ఏడు నాట్ల పాటలు పాడిరి. అది 2002 వానకాలము.

ఈ యంత్రము ధ్వనిని ఎట్లు దాచునో కొంచెము చెప్పవలెను. పాత టేపు ధ్వని యొక్క ఊపును ఊపుగానే దాచును. డిజిటల్ యంత్రము అట్లు కాదు. అది గాలి కదలికను సెకనునకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను రెండు బైట్ల అంకెగా వ్రాసికొనును. అనగా ఒక్క గొంతునకు సెకనుకు 88,200 బైట్లు. నిమిషమునకు సుమారు 53 లక్షలు. ఈ లెక్క యెంత భారమో తెలియవలెనన్న ఒక పాత సంగతి వినుడు. 1956లో ఐ.బి.యం. సంస్థ లోకమునకు చూపిన తొలి డిస్కు యంత్రములో రెండడుగుల వెడల్పుగల పళ్లెములు 50 ఉండెను. బరువు సుమారు ఒక టన్ను. అందు పట్టునవి 50 లక్షల అక్షరములు. మా అవ్వ ఒకతె ఆ యంత్రము ముందు కూర్చుండి పాట యెత్తుకొన్నచో, పల్లవి తిరుగకముందే అది నిండిపోయెడిది!

మా రికార్డరులోని డిస్కు 6 గిగాబైట్లది. దానిని రెండేసి గిగాబైట్ల మూడు గదులుగా పంచిరి. పదునారు వరుసలును ఒకేమారు నడిపినచో ఒక్కొక్క గది 24 నిమిషములలోపే నిండును. మేము రెండే వరుసలు వాడితిమి గనుక మొత్తము మీద తొమ్మిది గంటల పైచిలుకు పట్టినది. 2003 నాటికి ఇక చోటు లేదు.

ఇట్టి ఇరుకును ఎరిగియే ఆ కాలపు తయారీదారులు యంత్రము వీపున ఒక ద్వారము ఉంచిరి. 1991లో అలేసిస్ వారు ప్రకటించిన ఏడాట్ యంత్రము వీడియో క్యాసెట్టు మీద ఎనిమిది వరుసలు వ్రాయుచుండెను. చోటు చాలకున్నచో మరియొక క్యాసెట్టు వేసికొనుటయే. డిస్కు మీద వ్రాయు పెట్టెలు వచ్చిన పిమ్మటనే ఈ చిక్కు పుట్టినది. 1996 నాటి రోలాండ్ వి.ఎస్.-880 వంటివానికి స్కజీ అను పేరుగల ద్వారము వెనుక నుండెను. ఆ ద్వారమునుండి ఒక తీగను లాగి, బయట మరియొక డిస్కును, దాని వెనుక ఇంకొకదానిని, గొలుసు కట్టుగా తగిలింపవచ్చును. 2001లో అలేసిస్ వారే కంప్యూటరు అంగడిలో దొరకు మామూలు డిస్కులను సొరుగువలె దూర్చుకొను యంత్రమును తెచ్చిరి. అది తెలివైన పని.

స్కజీ గొలుసునకు ఆచారములు కలవు. గొలుసులోని ప్రతి పరికరమునకు సున్న మొదలు ఏడు వరకు ఒక అంకె. ఒకే అంకె ఇద్దరికి ఉండరాదు. ఉన్నచో రెండును మూగపోవును. గొలుసు కొసన ఒక మూత బిగింపవలెను. లేనిచో తీగ వెంట పోయిన సంకేతము కొసను తాకి వెనుకకు మరలివచ్చి, గచ్చుబావిలో కేక వేసినప్పుడు మాట మీద మాట పడినట్లు, అంతయు గలిబిలి యగును. ముందు బయటి డిస్కునకు విద్యుత్తు ఇచ్చి, అది తిరుగుట స్థిరపడిన పిదప రికార్డరును మేల్కొల్పవలెను. ఆపునప్పుడు యంత్రమునకు చెప్పి ఆపవలెను గాని మీట గభాలున నొక్కరాదు. కరెంటు వారు మాత్రము మమ్ము అడిగి ఆపెడివారు కారు. అది వేరు సంగతి.

2003లో మేము ఈ గాదె కట్టలేదు. నాడు స్కజీ డిస్కు వెల మా చేతికి అందనిది. కొన్ని ముచ్చటలను సి.డి.ల మీదికి ఎత్తి, నాట్ల పాటల వంతు రాకముందే ఎవరి ఉద్యోగములలో వారు మునిగిపోతిమి. యంత్రమునకు గుడ్డ కప్పితిమి. ఆ గుడ్డ పదునైదేండ్లు ఉండెను.

2018లో దానిని మరల తెరచిన దినమున డిస్కు లోపలినుండి టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వినవచ్చెను. కొంతసేపు సరిగా తిరుగును, మరల టిక్కుమనును. వ్రాతముల్లు తాను చదువవలసిన బాటను కనుగొనలేక తడుముకొను చప్పుడది. ఇక ఆలస్యము చేయరాదని మాకు తెలిసినది. తెలిసి చేసిన తొందరయే మమ్ము ముంచినది.

ముందు తీగ కావలెను. మా కిటికీలోనుండి చూచిన మేడలలో ప్రపంచపు దేశములన్నిటి లెక్కలు నడచుచుండెను. అయినను ఒక పాతకాలపు స్కజీ తీగ ఆ మేడల చుట్టుపట్ల ఎచటను దొరకలేదు. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో అడిగితిమి, కుర్రవారు నవ్విరి. తుదకు కోఠీలో పాత సామాను అమ్ము ఒక సాయెబుగారు గోనెసంచి బోర్లించి, చిక్కుపడిన తీగల కుప్పలోనుండి దానిని లాగి యిచ్చి, చాయ్ కూడ త్రాగించిరి.

ఇక డిస్కు. స్కజీ డిస్కులను ఇప్పుడు కొత్తగా చేయువారు లేరు. పాతవి కొన్నచో అవియు మా డిస్కువలె ముసలివే. అందులకు ఈ కాలపు వారు ఒక చక్కని ఉపాయము పన్నినారు. అరచేతిలో ఇముడు ఒక పలక. దానిలో సెల్‌ఫోనులందు, కెమెరాలందు వాడు చిన్న కార్డు. ఒక వైపున అది కార్డుతో నేటి భాష మాటలాడును. రెండవ వైపున రికార్డరుతో, నేను 1990ల నాటి స్కజీ డిస్కును సుమా, అని బొంకును. ముసలి యంత్రము నమ్మును. కదలు భాగములు లేవు గనుక చప్పుడు లేదు, అరుగుదల లేదు. మేము 32 గిగాబైట్ల కార్డు పెట్టితిమి. మా యంత్రమునకు మాత్రము రెండు గిగాబైట్లకు మించిన గది ఉండునని ఊహకైనను తెలియదు. కావున దానిని చిన్న గదులుగా పంచి చూపవలసి వచ్చినది. పెద్ద గాదె కట్టి మానికతో కొలిచినట్లు.

కొత్త డిస్కును తగిలించినప్పుడు యంత్రము దానిని సిద్ధపరచవలెనా యని అడుగును. సిద్ధపరచుట యనగా అందున్నదానిని తుడిచి గళ్లు గీయుట. ఏ డిస్కు, ఏ గది యని చిన్న తెర మీద రెండక్షరములు, ఒక అంకె కనబడును. లోపలి డిస్కునకు ఒక గుర్తు, బయటిదానికి ఒక గుర్తు. రాత్రి పదకొండు గంటలకు, మసకబారిన ఆ తెర మీద, మేము లోపలి డిస్కులోని రెండవ గదిని బయటిదనుకొని "సరే" యంటిమి. మీట నొక్కిన వేలు ఎవరిదో చెప్పము. నలుగురమును చూచుచునే యుంటిమి గదా. అంతటితో ఆగక, మొదటి గదిలోని వడ్డెర వృద్ధుని మాటలను "బయటికి" ఎత్తుట మొదలిడితిమి. పది నిమిషములు గడచిన పిదప బయటి పలక మీది దీపము ఒక్కమారైనను వెలుగలేదని ఒకరు గమనించిరి. తీగ పీకివేసితిమి. నాట్ల పాటలు ఉన్నది ఆ రెండవ గదిలోనే.

శ్రోతలు ఒక సంగతి గ్రహింపవలెను. సిద్ధపరచినంత మాత్రమున డిస్కులోని ధ్వని వెంటనే నశింపదు. గ్రంథాలయములో పుస్తకములను కాల్చక, పట్టికను మాత్రము చింపివేసినట్లు. కాని ఆ మీద కొత్త వ్రాత పడినచో, పడినంత మేర పాతది పోవును. మాలో ఒకరి తమ్ముడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు ఇంజనీరు. అతడు డిస్కును యంత్రమునుండి ఊడదీసి, కంప్యూటరునకు తగిలించి, టిక్కుమన్నప్పుడెల్ల ఆగుచు, మొదటి బైటు మొదలు తుది బైటు వరకు ఉన్నది ఉన్నట్లు ప్రతి తీసెను. ఆ పిదప మూడు నెలల ఆదివారములు ఆ అంకెల ఇసుకలో ధ్వనిని జల్లెడ పట్టెను. ధ్వనిని కుదించి దాచు పద్ధతిని మేము నాడు వాడకుండుట మా అదృష్టము. వాడియున్నచో, ఆ కుదింపు రహస్యము తయారీదారునిది గనుక, మాకు దక్కునది వట్టి బుసబుసయే. ఏడు పాటలలో ఐదు దక్కినవి. మొదటి రెంటి మీద మా వ్రాత పడినది.

అన్నిటికన్న మాకు సిగ్గయిన సంగతి ఒకటి కలదు. ఆ రికార్డరుకు డిజిటల్ ధ్వనిని బయటికి పంపు ద్వారము వేరుగా ఉండెను. దానికి కంప్యూటరును తగిలించి, ముచ్చటలను వరుసగా పలికించుచు అటు వ్రాసికొన్నచో, గాదె పనికి పూర్వమే అంతయు భద్రమయ్యెడిది. కావలసినది తొమ్మిది గంటల ఓపిక. రెండు దినముల పని. డిస్కు నుండి డిస్కునకు ఒక్కమారుగా ఎత్తినచో త్వరగా తెమలునని మేము ఆ మార్గము విడిచితిమి. పదునైదేండ్లు ఆగినవారము తొమ్మిది గంటలు ఆగలేకపోతిమి. ఇట్టి పెట్టెలు గలవారికి మేము చెప్పునది ఇదియే: మొదట పలికించుచు వ్రాసికొనుడు, పిదప గాదె కట్టుడు.

ఇట్టి పొరపాటు పెద్దలకును జరిగినది. చంద్రుని మీద మానవుడు తొలిమారు కాలిడిన 1969 జూలై నాటి మూల టేపులను తుడిచి మరల వాడివేసి యుందురని నాసా సంస్థ 2009లో ఒప్పుకొన్నది. మన నగరమున 1935లో దక్కన్ రేడియో పలుక నారంభించిన నాడు దాచుకొనుటకు సాధనములే కొరవడెను. ఎన్ని మాటలు గాలిలో పలికి గాలిలోనే కలిసిపోయినవో! నేడు సాధనములకు కొదువ లేదు. 2022 నవంబరులో అమెజాన్ వారు హైదరాబాదు పేర ఒక క్లౌడు నిలువల కేంద్రమును తెరచిరి. మా ఐదు పాటలు అట్టి గాదెలో ఏ మూలకు వచ్చును!

పోయిన రెండు పాటలకై 2019 వేసవిలో మేము కొండాపూరు పోతిమి. నాటి ఆరుగురిలో ఇద్దరు మిగిలియుండిరి. పొలము లేదు, అవ్వ కుమారుని ఇల్లు ఇప్పుడు నాలుగంతస్తులు, క్రింద హాస్టలు. జరిగినది దాచక చెప్పితిమి. అవ్వ కోపగింపలేదు. ఒక పాట నెమ్మదిగా కూడదీసికొని పాడెను. రెండవది రెండు చరణములు వచ్చి ఆగిపోయినది. "గది నేను యెత్తేది గాదు బిడ్డా, మా యారాలు యెత్తేది. ఆమె యెత్తితే నాకు ఎనక యాదికొచ్చేది" అనెను. ఆ యారాలు పోయి ఆరేండ్లు.

దక్కిన ఐదింటిని ఆమెకు వినిపించితిమి. మూడవ పాటలో ఒక గొంతు మిగిలినవారికన్న ముందు లేచును. అవ్వ చేయి యెత్తి మమ్ము ఆపుమనెను. "గదే, గదే మా యారాలు. కొంచెం పెద్దగ వెట్టు బిడ్డా" అనెను. పెద్దగా పెట్టితిమి. లోపలినుండి కోడలు, మనుమలు వచ్చి గడపలో నిలిచిరి. పాట ముగిసిన పిదప మరల మొదటినుండి పెట్టుమనెను.