ఇంట్లోనే కాఠీ రోల్

(సంత్రాగాఛిలో మన బ్యాంకు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డిపాజిట్ల గురించి, రికవరీల గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఈ రోజు కుటుంబాలు వచ్చాయి కాబట్టి నేను వంటింటి విషయం ఎంచుకున్నాను. రొట్టెలో కూర పెట్టి చుట్టే రోల్ గురించి మాట్లాడతాను. చిన్న విషయమే, కానీ బదిలీల మీద తిరిగే మనలాంటి ఇళ్ళకు ఇది చాలా పనికొస్తుంది.

బదిలీ ఉత్తర్వులో కొత్త శాఖ పేరు ఉంటుంది, చేరవలసిన తేదీ ఉంటుంది. ఆ ఇంట్లో రాత్రి భోజనం ఎలా జరుగుతుందో ఉండదు. మావారి ఉద్యోగం విజయవాడలో. ఇక్కడ నేను, తొమ్మిదో తరగతి చదివే మా బాబు, మా అత్తయ్యగారు ఉంటాం. వచ్చిన కొత్తలో అత్తయ్యగారు ఏడింటికి, బాబు పుస్తకం ముందు పెట్టుకుని ఎనిమిదింటికి, నేను విద్యాసాగర్ సేతు ట్రాఫిక్ దాటి వచ్చి తొమ్మిదింటికి తినేవాళ్ళం. ఒకే ఇంట్లో మూడు మెస్సులు నడిచేవి. మాటలు కూడా ముక్కలైపోయేవి. దీనికి మందు ఈ ఊరి వీధిలోనే దొరికింది.

కలకత్తాలో రోల్ అంటే మొదట గుర్తొచ్చేది న్యూ మార్కెట్ దగ్గరి నిజామ్స్. 1930ల నుంచి ఉన్న హోటలు. కబాబును పరాఠాలో చుట్టి ఇవ్వడం అక్కడే మొదలైందని చెబుతారు. చేతికి జిడ్డు అంటకుండా నడుస్తూ తినవచ్చు. బెంగాలీలో కాఠీ అంటే పుల్ల. కబాబులు కాల్చడానికి ఇనుప చువ్వల బదులు వెదురు పుల్లలు వాడడంతో ఆ పేరు వచ్చిందంటారు. మెక్సికో వాళ్ళకూ ఇలాంటిదే ఉంది, టోర్టిల్లా. అక్కడ మొక్కజొన్నది పాతది, గోధుమది తర్వాత వచ్చింది. మొదటిసారి చూసి మా అత్తయ్యగారు, "మనం తినే రొట్టే కూరే కదమ్మా, విడివిడిగా తినే తీరిక లేక చుట్టారు" అన్నారు. అంతకంటే మంచి నిర్వచనం నేను చదవలేదు.

ఇక తయారీ. చుట్టేటప్పుడు రొట్టె విరగకూడదు. గోధుమపిండికి నీళ్ళు తగిలితే గ్లూటెన్ అనే సాగే పదార్థం ఏర్పడుతుంది. జొన్నలో అది లేదు, అందుకే జొన్నరొట్టె చుడితే విరుగుతుంది. పావుకిలో గోధుమపిండికి అర టీస్పూను ఉప్పు, రెండు టీస్పూన్ల నూనె, సుమారు 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు. మెత్తగా కలిపి తడిబట్ట కప్పి అరగంట వదిలేయండి. ఆరు ముద్దలు చేసి తొమ్మిది అంగుళాల వెడల్పున ఒత్తండి. పెనం బాగా కాగాక ఒక్కో వైపు అర నిమిషం, ముప్పావు నిమిషం చాలు. సన్నసెగ మీద ఎక్కువసేపు ఉంచితే తేమంతా పోయి అప్పడమవుతుంది. తీసిన వెంటనే ఒకదాని మీద ఒకటి పేర్చి బట్టలో చుట్టండి. వాటి ఆవిరే వాటిని మెత్తగా ఉంచుతుంది.

కోడిగుడ్డు రోల్ కావాలంటే, గిలకొట్టిన గుడ్డును పెనం మీద పోసి, అది గట్టిపడే లోపే రొట్టెను దాని మీద వేసి అద్దండి. రెండూ అతుక్కుంటాయి. తిరగేస్తే గుడ్డు పైకి వస్తుంది. పైన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొంచెం నిమ్మరసం. ఈ ఊరి రుచి అదే.

లోపలి కూర పొడిగా ఉండాలి. బంగాళదుంప వేపుడు, పనీరు, కోడి వేపుడు, గుడ్డు పొరటు ఏదైనా సరే. ఇగురు బాగా దగ్గరపడాలి. అత్తయ్యగారు కనిపెట్టిన ఉపాయం ఒకటి చెబుతాను. కూర పెట్టేముందు రొట్టె మీద ఒక చెంచా కందిపొడి చల్లండి. తడిని అది పీల్చుకుంటుంది, రుచి మన ఊరిదవుతుంది.

చుట్టడం కష్టమేమీ కాదు. పూతరేకులు మడిచే ఆత్రేయపురం మనదే కదా! కూరను మధ్యకు కొంచెం కిందుగా, అడ్డంగా, పక్కల రెండేసి అంగుళాలు వదిలి పరవండి. మూడు పెద్ద చెంచాలు మించవద్దు. రెండు పక్కలా లోపలికి మడిచి, మీవైపు అంచును కూర మీదుగా కప్పి, వేళ్ళతో వెనక్కి లాగి బిగించి, ముందుకు దొర్లించండి. అతుకు కిందికి వచ్చేలా పెనం మీద అర నిమిషం ఉంచితే విడిపోదు. వేడిగా తినేదానికి పైభాగం వదిలేసి, కింద కాగితం మెలిపెడితే చాలు.

స్కూలు బాక్సుకు పూర్తిగా మూసి, ఆవిరి పోయాకే పెట్టండి. ఉదయం చేసినది మధ్యాహ్నానికే తినేయాలి. ఎండాకాలంలో గుడ్డు, మాంసం వద్దు, వేపుడు చాలు.

చివరిగా, ఎంబీఏలో చదువుకున్నది ఒకటి. గోల్డ్‌రాట్ అనే ఆయన 1984లో 'ద గోల్' అనే పుస్తకం రాశారు. వరుసగా జరిగే పనుల్లో అన్నిటికంటే నెమ్మదైనదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుందని అందులోని సారాంశం. రోల్ పనిలో అది పెనం. మన శాఖల్లో ఒకే క్యాష్ కౌంటరు ఉన్నట్టు, ఇంట్లో పెనం ఒకటే. కాబట్టి పెనం దగ్గరి మనిషిని వేరే పనికి పిలవకూడదు. మా ఇంట్లో నేను పెనం దగ్గర, అత్తయ్యగారు కూర్చుని ఒత్తడం, బాబు ఉల్లిపాయలు తరిగి చుట్టడం. మావారు వచ్చిన వారం ఒత్తే పని ఆయనది. గిన్నెలు కడిగే పనీ ఆయనదే!

ఇందులో లాభం వేగం ఒక్కటే కాదు. రోల్ చేయాలంటే అందరూ ఒకేసారి వంటింట్లో ఉండాలి. చేతులు పనిలో ఉంటే నోళ్ళు తెరుచుకుంటాయి. కొత్త స్కూల్లో బెంగాలీ రాక మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తింటున్నానని మా బాబు చెప్పింది ఉల్లిపాయలు తరుగుతూనే. ఎదురుగా కూర్చోబెట్టి అడిగినన్నాళ్ళు "బాగానే ఉంది" అనేవాడు. ఆ మర్నాటి నుంచి బాక్సులో ఒక రోల్ అదనంగా పెట్టాను. దాన్ని పంచుకోవడానికి పక్కన ఒకడు చేరాడు.

కాబట్టి వారంలో ఒక రాత్రి, శనివారమైనా సరే, ఇలా చేసి చూడండి. కుటుంబాన్ని ఊళ్ళో వదిలి ఒంటరిగా ఉంటున్న సోదరులు కూడా రెండు రొట్టెలకు పిండి కలపండి. ఒకటి మీకు, రెండోది పక్క గదిలోని సహోద్యోగికి. ఈ ఊళ్ళో మనకు చుట్టాలు అలాగే ఏర్పడతారు.