ఇంటి ప్రింటరు ఏల మందగించును?



సిరా చిమ్మి కాగితముపై అచ్చువేయు ఇంక్‌జెట్ ప్రింటరు నేడు పల్లెలలోను పెక్కు గృహములలో ప్రవేశించినది. అడంగలు నకలు కావలసినను, మనుమరాలి పరీక్షకు హాలుటికెట్టు కావలసినను, పట్టణమునకు బస్సెక్కు పనిలేక యింటనే అచ్చు తీసికొనుట సాధ్యమగుచున్నది. అయితే, కొన్నాళ్లకు ఆ యంత్రము మందగించుట కలదు. పరీక్షకు బయలుదేరవలసిన పిల్ల వాకిట నిలిచియుండగా, ఒక్క కాగితమునకు నాలుగైదు నిమిషములు పట్టును. అంతట యజమాని యంత్రము చెడినదని నిశ్చయించి, సిరాను వృథాచేయు పనులకు దిగును. లేదా వేల రూపాయలు వెచ్చించి క్రొత్తదానిని కొనును. ఈ రెండును తరచుగా అనవసరములు. మెల్లగా నడచు ప్రింటరు చాల సందర్భములలో చెడియుండదు. మనమిచ్చిన యాజ్ఞయే మెల్లగా చేయుమను నాజ్ఞ యై యుండును; లేదా మన యాజ్ఞ దానికి చేరుటలో నాలస్యమగుచుండును. ఆలస్యమెచ్చటనో తెలిసికొనుటయే చికిత్సలో సగము.

ముందుగా నీ యంత్రము పనిచేయు తీరు కొంత తెలియవలెను. 1977లో జపానుదేశమందలి కానన్ సంస్థ పరిశోధనశాలలో, కాగిన టంకపు కడ్డీ సిరా నింపిన సూదికి తగులగా, సూదిమొననుండి సిరా చివ్వున చిమ్మినది. వేడిచే బుడగ పుట్టి సిరాను వెలికి నెట్టునను సూత్రము వారికట్లు దొరకినది. అమెరికాలోని హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ యీ మార్గముననే కృషిచేసి 1984లో థింక్‌జెట్ అను ప్రింటరును విక్రయమునకు తెచ్చినది. ఎప్సన్ సంస్థవారు వేడికి మారుగా, విద్యుత్తు సోకగనే వంగు పలుచని పలుకలతో సిరాను నెట్టుదురు. పద్ధతి యేదైనను, సిరా చిమ్ము భాగమునకు హెడ్డు అని పేరు. దాని యడుగున తలవెండ్రుకకంటె సన్నని రంధ్రములు అనేకముగ నుండును. మగ్గములో నాడె యాడినట్లు హెడ్డు అటునిటు తిరుగుచుండ, కాగితము కొంచెము కొంచెముగా ముందునకు జరుగును. హెడ్డు ఎంత యెక్కువగా తిరుగవలసివచ్చునో అంత యాలస్యము.

చివరి మడికి నీరందనప్పుడు మీరు వెంటనే మడిని త్రవ్వరు గదా! తూము వద్ద లోపమా, కాలువ నడుమ పూడికయా, గట్టు తెగినదా యని మొదట నడచి చూచెదరు. ఇచ్చటను అట్లే. గడియారము చేతబట్టి రెండు కాలములను గమనింపుడు. ఆజ్ఞ యిచ్చినది మొదలు కాగితము కదలువరకు ఒక కాలము. కాగితము కదలినది మొదలు వెలుపలికి వచ్చువరకు రెండవది. మరియొక పరీక్ష కలదు. ప్రింటరుమీది యద్దముపై కాగితముంచి నకలు తీయు సదుపాయమున్న యెడల, కంప్యూటరు ప్రమేయము లేకుండ ఒక నకలు తీయుడు. అది చురుకుగా వచ్చినచో దోషము ప్రింటరునందు లేదు. కంప్యూటరునందో, నడుమ దారియందో కలదు.

మొదటి కాలము దీర్ఘమైనచో చూడవలసినవి మూడు. ఒకటి, వెనుకటి పనులు. అచ్చుకాక నిలిచిపోయిన పాత కాగితముల యాజ్ఞలు వరుసలో ముందుండి క్రొత్తదానికి అడ్డుపడును. వానినన్నిటిని రద్దుచేసి, కంప్యూటరును ప్రింటరును ఆపి మరల నడుపుడు. రెండు, వైఫై. ప్రింటరొక గదిలో, రౌటరు వేరొక గదిలో, నడుమ మందపు గోడ యున్నచో వర్తమానము తడబడుచు చేరును. రెంటిని దగ్గరగా నుంచుడు. లేదా యూఎస్‌బీ తీగతో కలిపి చూడుడు. తీగతో వేగము వచ్చినచో దోషము దొరకినట్లే. మూడు, పంపిన కాగితము యొక్క బరువు. దస్తావేజును స్కానుచేసి పంపినప్పుడు అది అక్షరములుగా గాక చిత్రముగా పోవును. అంగుళమునకు 300 చుక్కలకు బదులు 600 చుక్కలతో స్కానుచేసినచో చుక్కలు రెట్టింపు గావు, నాలుగురెట్లగును. సామాన్యపు దస్తావేజునకు 300 చాలును.

రెండవ కాలము దీర్ఘమైనచో ప్రింటు అమరికలను తెరచి చూడుడు. ఇంటిలో నెవరో యొక ఫోటో అచ్చువేయుటకై నాణ్యతను "హై" అనియు, కాగితమును "గ్లాసీ" అనియు మార్చి, మరల సరిచేయక విడిచియుందురు. అప్పుడు సామాన్యపు దరఖాస్తును సైతము యంత్రము పెండ్లి ఫోటోవలె శ్రద్ధతో నచ్చువేయును. కాగితమును "ప్లెయిన్" అనియు, నాణ్యతను "స్టాండర్డ్" అనియు నుంచుడు. ఇంటిలో చదువుకొను కాగితములకు "డ్రాఫ్ట్" చాలును, సిరాయు మిగులును. ఫోటోయు సంకేతపు గీతలును గల హాలుటికెట్టునకు మాత్రము "స్టాండర్డ్" మేలు. "క్వయట్ మోడ్" అను చప్పుడు తగ్గించు అమరిక యున్నచో, అది వేగమును గూడ తగ్గించును. రెండు ప్రక్కల నచ్చువేయునప్పుడు మొదటి ప్రక్క సిరా ఆరుటకై యంత్రము కొంత యాగును. అది దోషము కాదు.

మొదట చురుకుగా నడచి, పుటలనేకము వేసిన పిమ్మట మందగించుట మరియొక విధము. హెడ్డు వేడెక్కి చెడకుండ యంత్రము తనంతట తానే వేగము తగ్గించుకొనును. దున్నెడి యెద్దునకు వలె దానికిని విశ్రాంతి కావలెను. అరగంట ఊరక విడిచిన కుదుటపడును.

ఇక ముఖ్యముగా హెచ్చరింపవలసిన దొకటి. వేగము తగ్గగనే హెడ్డును శుద్ధిచేయు మీటను మాటిమాటికి నొక్కువారు కలరు. ఆ శుద్ధి యచ్చులో తెల్లని చారలు వచ్చినప్పుడు చేయవలసినది. దానివలన వేగము పెరుగదు, ఖరీదైన సిరా మాత్రము ఖర్చగును. ముందు నాజిల్ చెక్ అను పరీక్షాపత్రము తీసి చూడుడు. గీతలు తెగక వచ్చినచో శుద్ధి యక్కరలేదు. తెగినచో రెండు మూడు సారులు చేసి, అప్పటికిని కుదురనిచో ఒక రాత్రి యూరకుంచి మరల చూడుడు.

ప్రింటరును నేరుగా గోడమీటతో నార్పకుడు. మొదట దానిమీటనే నొక్కి, దీపమారిన తరువాత గోడమీట వేయుడు. అట్లు చేసిన హెడ్డు తన స్థానమునకు చేరి, మూతక్రింద భద్రముగా నుండును. లేనిచో రంధ్రములలో సిరా యెండును. ప్రతిసారియు శుద్ధియు, నిరీక్షణయు తప్పవు. కరెంటు తరచుగా పోవు గ్రామములలో నీ యలవాటు మరింత యవసరము. అకస్మాత్తుగా కరెంటు పోయినచో, వచ్చిన వెంటనే యొకసారి నడిపి, క్రమముగా నార్పుడు.

ఈ పరీక్షలన్నిటికి పట్టునది ఒక పూట. ఖర్చగునవి నాలుగు కాగితములు. అవి చేసిన పిదపను కుదురనిచో మరమ్మతుచేయువానిని పిలువుడు. అప్పుడు ఆలస్యమెచ్చటనో మీరే చెప్పగలరు గనుక, మంచి భాగము తీసివేసి క్రొత్తది వేయు అవసరమును ఉండదు.