ఇంట్లో రీలోడింగ్‌కి ఏ ప్రోగ్రెసివ్ ప్రెస్ కొనాలి? స్పీడ్ కన్నా ముందు చూడాల్సింది ఇదీ!

ఈ రోజు టాపిక్ అమెరికాలో ఉంటూ షూటింగ్ రేంజ్‌కి, పిస్టల్ మ్యాచ్‌లకి వెళ్లే మన తెలుగువాళ్ల కోసం. వాడేసిన ఇత్తడి కేస్‌లు ఏరుకొచ్చి, ఇంట్లోనే మళ్లీ తూటాలు నింపుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. దానికి ప్రోగ్రెసివ్ ప్రెస్ కొనాలనుకుంటే ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా, అదే ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందుగా రెండు మాటలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూస్తున్న తమ్ముళ్లూ, ఇది మీరు ట్రై చేసేది కాదు. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. తెలుసుకోవడానికి చూడండి, అంతే.

రెండోది అమెరికాలో ఉన్నవాళ్లకి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటాలు దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధమే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోండి, ఫ్రెండ్ మాట నమ్మి దిగొద్దు. కేసు పడితే జైలుతో ఆగదు, ఇమ్మిగ్రేషన్ కూడా చిక్కుల్లో పడుతుంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు, సిటిజన్లు సొంతానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. చేసినవి అమ్మడం మొదలుపెడితే మాత్రం కావాలి. రాష్ట్రాల రూల్స్ వేరు, అవీ చూసుకోండి.

ఇక పాయింట్‌కి వద్దాం. మనం మొత్తాన్నీ కలిపి బుల్లెట్ అనేస్తాం కానీ, తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేస్, దాని అడుగున ప్రైమర్, లోపల పౌడర్, పైన బుల్లెట్. పేలినప్పుడు బుల్లెట్ వెళ్లిపోతుంది, పౌడర్ కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది కేస్. అందుకే దాన్ని మళ్లీ మళ్లీ వాడతారు.

కేస్‌ని సైజుకి నొక్కాలి, పాత ప్రైమర్ తీసేయాలి, కొత్తది ఎక్కించాలి, మూతి కొంచెం వెడల్పు చేయాలి, పౌడర్ పోయాలి, బుల్లెట్ కూర్చోబెట్టాలి, చివర్లో బిగించాలి. పనులు ఇవే. ఏ ప్రెస్‌లోనైనా ఇవే.

తేడా ఎక్కడంటే, సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో పూరీల్లాగా చేస్తాం. ముందు అన్నీ ఒత్తేసి పెట్టుకుని, తర్వాత అన్నీ వేయించుకున్నట్టు. వంద కేస్‌లకి ఒక పని పూర్తి చేసి, డై మార్చి, రెండో పని మొదలుపెడతాం. టరెట్ ప్రెస్‌లో పైన డైలు తిరుగుతాయి, కింద ఒకే కేస్ ఉంటుంది. ప్రోగ్రెసివ్‌లో కింద షెల్‌ప్లేట్ రంగులరాట్నంలా తిరుగుతుంది. ఒక్కో సీట్లో ఒక్కో కేస్. హ్యాండిల్ ఒక్కసారి లాగితే అన్ని సీట్లలో అన్ని పనులూ ఒకేసారి జరిగిపోతాయి. ప్రతి లాగుకీ ఒక పూర్తయిన తూటా బయటికొస్తుంది.

వినడానికి బాగుంది కదా? ఆగండి, లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణ అంకెలే, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. షాపులో 9ఎంఎం తూటా 25 సెంట్లు, మీరు చేసుకుంటే 18 సెంట్లు పడిందనుకుందాం. మిగిలేది 7 సెంట్లు. ప్రెస్, డైలు, తూకం, కేస్‌లు శుభ్రం చేసే టంబ్లర్ అన్నీ కలిపి 1,050 డాలర్లు అయ్యాయనుకోండి. ఆ డబ్బు తిరిగి రావాలంటే 15,000 తూటాలు చేయాలి. నెలకి 300 కాల్చేవాళ్లకి నాలుగేళ్లు దాటుతుంది. నెలకి 1,000 కాల్చేవాళ్లకి 15 నెలలు.

కాబట్టి నెలకి రెండు మూడు వందలైతే ప్రోగ్రెసివ్ అక్కర్లేదు. టరెట్ ప్రెస్ మీద గంటకి సుమారు 150 తీరిగ్గా చేసుకోవచ్చు, రెండు గంటల్లో నెల పని అయిపోతుంది. వారం వారం మ్యాచ్‌లు, ప్రాక్టీస్ ఉన్నవాళ్లకే ప్రోగ్రెసివ్ అర్థవంతం.

సరే, మీరు ఆ కోవలోకే వస్తారనుకుందాం. చాలామంది అడిగే మొదటి ప్రశ్న 'గంటకి ఎన్ని వస్తాయి?' నా దృష్టిలో మొదటి ప్రశ్న అది కాదు. 'ప్రతి కేస్‌లో పౌడర్ నా కంటికి కనిపిస్తుందా?' అదీ అసలు ప్రశ్న.

ఎందుకంటే 9ఎంఎంలో పట్టే పౌడర్ చాలా కొంచెం. రకాన్ని బట్టి 4 నుంచి 6 గ్రెయిన్లు. ఒక పౌండ్‌కి 7,000 గ్రెయిన్లు, అంటే 4 గ్రెయిన్లు మన లెక్కలో పావు గ్రాము చిల్లర. కొన్ని పౌడర్లు సగం కేస్ కూడా నింపవు. అంటే పొరపాటున రెండుసార్లు పడినా కేస్ పొంగదు, పైన బుల్లెట్ మామూలుగానే కూర్చుంటుంది. బయట నుంచి చూస్తే తేడా తెలీదు.

9ఎంఎంకి అమెరికా పరిశ్రమ ప్రమాణం పెట్టిన గరిష్ఠ ప్రెషర్ 35,000 పీఎస్ఐ. కారు టైర్లో ఉండేది 35 అటూ ఇటూ. అంటే సరిగ్గా చేసిన తూటాలోనే టైర్‌కి వెయ్యి రెట్లు. డబుల్ చార్జ్ పడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ పేలుడు జరిగేది మీ అరచేతిలో, మీ ముఖం ముందు.

దీనికి వ్యతిరేకం కూడా ప్రమాదమే. పౌడర్ అసలు పడకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్ మధ్యదాకా తోసి వదిలేస్తుంది. దీన్ని స్క్విబ్ అంటారు. 'ఢాం' అనాల్సింది 'టప్' అంటుంది. మ్యాచ్ హడావుడిలో రెండోది కాల్చారా, దారికి అడ్డంగా మొదటి బుల్లెట్ ఉంటుంది. బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. శబ్దం తేడాగా వస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి.

ఇప్పుడు ఈ కళ్లతో ప్రెస్‌లని చూద్దాం.

ఒకటి, షెల్‌ప్లేట్ ఎవరు తిప్పుతారు? అరిజోనాకి చెందిన డిల్లన్ కంపెనీ 550లో నాలుగు స్టేషన్లు, ప్లేట్ మీరే చేత్తో తిప్పాలి. తేడా వస్తే ఆపి చూసుకోవడం తేలిక, నేర్చుకోవడానికి మంచిది. కానీ తిప్పడం మర్చిపోయి హ్యాండిల్ మళ్లీ లాగారంటే అదే కేస్‌లో రెండోసారి పౌడర్ పడుతుంది. అదే కంపెనీ 750లో ఐదు స్టేషన్లు, ప్లేట్ దానంతటదే తిరుగుతుంది. మర్చిపోవడం అనే సమస్య లేదు. కానీ మధ్యలో ఏదైనా ఇరుక్కుని, మీరు హ్యాండిల్ సగంలో ఆపి మళ్లీ లాగితే, ఏ కేస్‌లో ఎంత పడిందో తెలీని పరిస్థితి వస్తుంది. ఏ ప్రెస్ అయినా మందు ఒక్కటే. ఇరుక్కుంటే పౌడర్ స్టేషన్‌లో ఉన్న కేస్ తీసి, ఖాళీ చేసి, మొదటి నుంచి రండి. 'పర్లేదులే' అనొద్దు.

రెండు, ఐదో స్టేషన్ ఉందా? పౌడర్ పడ్డాక, బుల్లెట్ పెట్టకముందు పౌడర్ చెక్ డై పెట్టుకోవచ్చు. మట్టం తేడాగా ఉంటే కొన్ని బీప్ కొడతాయి, కొన్ని ప్రెస్‌నే ఆపేస్తాయి. నెబ్రాస్కా కంపెనీ హోర్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీలో ఐదు స్టేషన్లున్నాయి. అందులో ప్లేట్ సగం హ్యాండిల్ పైకి, సగం కిందికి తిరుగుతుంది కాబట్టి కుదుపు తక్కువ, పౌడర్ చిందడమూ తక్కువ. విస్కాన్సిన్ కంపెనీ లీ వాళ్ల ప్రో 1000లో మూడే స్టేషన్లు, ధర తక్కువ. కానీ చెక్ డైకి చోటు లేదు. వాళ్లదే సిక్స్ ప్యాక్ ప్రోలో ఆరున్నాయి. లీ చవక, కాకపోతే సెట్టింగులు ఓపిగ్గా చూసుకునేవాళ్లకి. డిల్లన్ 550, 750లకి జీవితకాల వారంటీ ఉంది, అందుకే పాతవాటికి కూడా మంచి ధర పలుకుతుంది.

మూడు, క్యాలిబర్ మార్చడానికి ఎంత? 9ఎంఎం ఒక్కటే అయితే గొడవ లేదు. .45, .223 కూడా చేద్దామంటే ప్రతిదానికీ షెల్‌ప్లేట్, డైలు, కన్వర్షన్ కిట్ కొనాలి. ప్రెస్ ధర చూసి ఇవి మర్చిపోతే బడ్జెట్ తలకిందులవుతుంది.

ప్రెస్ ఏదైనా సరే, ఒక చిన్న ఎల్ఈడీ లైట్ కేస్ మూతి మీదికి పడేలా పెట్టండి. చవకైన సేఫ్టీ సామాను ఇదే. బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేస్‌లోకీ చూడాలి. డబుల్ పడితే పొంగిపోయే, కేస్‌ని బాగా నింపే పౌడర్ ఎంచుకోండి. ఎన్ని గ్రెయిన్లు అనేది వీడియోల్లో చూసి పెట్టొద్దు, నేను కూడా చెప్పను. పౌడర్ కంపెనీలు అచ్చేసిన మాన్యువల్ చూసి, అందులో ఇచ్చిన కనిష్ఠం నుంచి మొదలుపెట్టండి. బెంచ్ మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. కళ్లద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా ప్రైమర్లు నింపేటప్పుడు. ట్యూబ్‌లో ఒకటి పేలితే వరసగా అన్నీ పేలొచ్చు. ప్రైమర్ ఇరుక్కుంటే బలంగా తోయొద్దు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో మాట. ప్రైమర్లలో సీసం ఉంటుంది, టంబ్లర్ దుమ్ములోకి వస్తుంది. ఆ పని వంటగదిలో, బెడ్‌రూమ్‌లో వద్దు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పాపని ఎత్తుకోండి. పౌడర్‌ని దాని డబ్బాలోనే తాళం వేసి ఉంచండి. అపార్ట్‌మెంట్ అయితే లీజు, ఫైర్ రూల్స్ చదవండి.

చివరగా నా మాట. ఒకే క్యాలిబర్, నెలకి వెయ్యి దాటితే ఐదు స్టేషన్ల ఆటో ప్రెస్, చెక్ డైతో తీసుకోండి. రెండు మూడు క్యాలిబర్లు, మధ్యస్థంగా కాల్చేవాళ్లకి 550 లాంటిది చాలు. అంతకన్నా తక్కువైతే టరెట్. మొదటి వంద తూటాలు మాత్రం ప్రోగ్రెసివ్‌లోనూ ఒక్కో కేస్ పెట్టి, చివరిదాకా పంపి చేయండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి, అవును, ఈ వీడియో చూస్తున్న ఫోనే. ఎవరైనా వచ్చి పలకరిస్తే హ్యాండిల్ వదిలేసి మాట్లాడండి.

గంటకి వెయ్యి వచ్చినా, వెయ్యింటిలో ఒక్కటి తేడా అయితే చాలు. మిగతా 999 ఎంత బాగున్నా లాభం లేదు. రేంజ్‌లో మీ పక్క లేన్‌లో నిలబడ్డవాళ్లు కూడా మీ పని మీద నమ్మకం పెట్టుకునే నిలబడతారు, అది గుర్తుపెట్టుకోండి.

ఇది ప్రెస్ కొనాలనుకుంటున్న మీ ఫ్రెండ్‌కి పనికొస్తుందనిపిస్తే పంపండి.