వాసిరెడ్డివారి కాలమున మన సీమ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



యుద్ధములవలననే రాజ్యములు మారునని సామాన్యముగా తలంతురు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున నందిగామ, జగ్గయ్యపేట సీమలలో కలిగిన మార్పు కాగితముమీద జరిగినది. ఆ మార్పునకు ముందువెనుకలను ఒక్క జీవితమున చూడవలెనన్న రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని చరిత్ర చాలును.

కృష్ణకు ఇరుగడల వాసిరెడ్డివారి భూములుండెను. నందిగామ పరగణా వారి జమీలోనిదే. బేతవోలు చెంత, దొంగలకు ఉనికిపట్టైన చోట, నాయుడు వర్తకులను రప్పించి పేట కట్టించి, తండ్రి జగ్గన్న పేర జగ్గయ్యపేట యనెను. చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగా చేసికొనెను. మంగళగిరి గాలిగోపురము ఆయన కట్టించినదే. చెంచులను విందునకు పిలిచి నరికించెనను కథయు ఈ ప్రాంతమున చెప్పుకొందురు. దానమైనను దండనమైనను ఆయన యిచ్చయే, అడుగువారు లేరు.

కంపెనీవారు 1766 నాటి సంధిచే కొండపల్లి సర్కారును, 1788లో గుంటూరు సర్కారును పొందిరి. 1794లో కలెక్టరులు వచ్చిరి. 1802లో మద్రాసు రెగ్యులేషనులు వెలువడెను. ఇరువదియైదవది జమీందారునకు సన్నదు నిచ్చి, కట్టవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించెను. ఇరువదియెనిమిదవది బాకీపడిన రైతు సొత్తును జప్తు చేయు హక్కును జమీందారున కిచ్చెను. ఇరువదితొమ్మిదవది గ్రామ కరణము ఉద్యోగమును నిర్ణయించెను. ముప్పదియవది పట్టాలు వ్రాసి యియ్యవలెననెను. పోలీసు అధికారము జమీందారు చేయి జారినది. కిస్తు తప్పినచో జమీయే వేలమునకు వచ్చును.

రైతు కిందువలన ఒరిగినదేమి? పట్టా యను మాట పుట్టినది. చదువరాని వానికి పట్టాలోని అంకె తెలియదు. అన్యాయము జరిగినచో కోర్టు కలదు. కాని అది దూరము, ఖర్చుతో కూడినది. జప్తు మాత్రము వాకిటికే వచ్చును. ధర్మము కాగితముమీద నుండెను. కాగితము చదువగల వాని చేత బలముండెను.

జమీందారును కాగితమునకు లోబడవలసినవాడే యయ్యెను. 1816లో నాయుడు గతించెను. ఆయన 1798లో జగన్నాథబాబును, 1807లో రామనాథబాబును దత్తత తీసికొనియుండెను. వారసత్వపు తగవు తరములు సాగినది. నడుమ 1832-33లో నందననామ సంవత్సరపు కరవు గుంటూరు సీమను పాడుపెట్టినది. మొదటి దత్తుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో లండనులోని ప్రీవీకౌన్సిలు తీర్పు చెప్పెను. ఆ దశాబ్దముననే జమీ బాకీలక్రింద సర్కారు వశమైనది. హక్కు ఎవరిదో తేలునప్పటికి అనుభవించుటకు జమీ లేదు!

జమీందారీలను 1948 నాటి చట్టము తొలగించెను. 1984లో కరణీకములును రద్దయినవి. నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. సరిహద్దులు మారినను ఆ కాలపు పాఠము మారలేదు. తన పేర వ్రాసిన కాగితమును తానే చదువుకొనగల రైతునకు హక్కు దక్కును. పరులచే చదివించుకొనువాడు వారి దయకు లోబడవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేసిన మేలు ఇదియే. పుస్తకము తెరచుటకు వచ్చిన బాలుడు రేపు పట్టా చదువును, తీర్పు చదువును, ప్రశ్నించును. గ్రామములోని పాత దస్తావేజులను, శాసనములను చెదలకు వదలక ఇచ్చట భద్రపరచుట పెద్దల విధి; వానిని చదువుట యువకుల విధి. ఈ దీపము ఆరకుండుగాక!