కింది రెప్ప లాగి చూడండి

ఫోలిక్ యాసిడ్ తయారుచేసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి జయంతి సభలో ఆయన ఎవరో నేను చెప్పక్కర్లేదు. రక్తం ఆక్సిజన్‌ను ఎలా తీసుకెళ్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ను ఎలా వెనక్కి తెస్తుంది, ఆక్సిజన్ చాలకపోతే ఒళ్లు ఎలా సర్దుకుంటుంది, ఈ మూడూ చెప్పమన్నారు.

ఆక్సిజన్ నీళ్లలో సరిగ్గా కరగదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఊరికే కరిగి ఉండేది 0.3 మిల్లీలీటర్లు. కదలకుండా పడుకున్న మనిషికే నిమిషానికి 250 మిల్లీలీటర్లు కావాలి. గుండె నిమిషానికి పంపే 5 లీటర్ల రక్తంలో కరిగినదంతా కలిపినా 15 మిల్లీలీటర్లకు మించదు. ఆ లోటంతా పూడ్చేది హిమోగ్లోబిన్. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పట్టుకుంటుంది. 15 గ్రాములుంటే 100 మిల్లీలీటర్ల రక్తం 20 మిల్లీలీటర్లు మోస్తుంది. పైగా ఈ హిమోగ్లోబిన్ ఉండే ఎర్రకణంలో ఆక్సిజన్‌ను వాడుకునే మైటోకాండ్రియా ఉండవు. బతికిన 120 రోజులూ మోయడమే గాని, మోసిన ఆక్సిజన్‌లో తన కోసం ఏమీ వాడుకోదు. ఈ మాట పాఠంలో చెప్పిన ప్రతిసారీ నాకు దణ్ణం పెట్టాలనిపించేది.

ముందు వరసలో నిజాంపట్నం వైపు రొయ్యల రైతులు కూర్చున్నారు. తెల్లవారుజామున చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. రాత్రిపూట నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ వాడేస్తుంది, పొద్దు పొడిచేలోపు చెరువులో అది అడుగంటుతుంది. రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసేది మన హిమోగ్లోబిన్‌లోలా ఇనుము కాదు, రాగి. అందుకే ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు ఆ రక్తం నీలంగా ఉంటుంది. పీత రక్తమూ అంతే. ఇంటికెళ్లి పిల్లలకు చెప్పండి, ఇష్టంగా వింటారు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. ఒకసారి మా వార్డుకు ఒకావిడ వచ్చింది. కలుపు తీతకూ, మినుము పీకడానికీ వెళ్లే మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కళ్లు బైర్లు. హౌస్ సర్జన్ కుర్రాడు వేలికి ఆక్సీమీటర్ పెట్టి, "తొంభైతొమ్మిది ఉంది సార్, ఏం ఫరవాలేదు" అన్నాడు. "నాయనా, ఆవిడ కింది రెప్ప లాగి చూశావా?" అన్నాను. చూశాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 5 గ్రాములు.

ఆక్సీమీటర్ అబద్ధం చెప్పలేదు. జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి 1970ల్లో ఆ పద్ధతి కనిపెట్టి లోకానికి ఎంతో మేలు చేశారు. కరోనా ముమ్మరంగా ఉన్న 2020లోనే ఆయన పోయారు. ఆక్సీమీటర్ చెప్పేది, ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎన్నో వంతు ఆక్సిజన్‌తో నిండిందన్న లెక్క. అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో అది చెప్పదు. ఆవిడ దగ్గరున్న 5 గ్రాములూ నిండుగానే ఉన్నాయి, కానీ మోసేది 20 మిల్లీలీటర్లకు బదులు ఆరున్నర, ఏడు. పెదవులు నీలం తిరిగితే కదా అనుమానిస్తాం అంటారు. ఆ నీలం కనపడాలంటే ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ దాదాపు 5 గ్రాములు ఉండాలి. ఆవిడకు మొత్తం కలిపినా అంతే, ఇక నీలం ఎక్కడిది?

మరి అంత తక్కువతో ఎలా నడిచి వచ్చింది? మీరడిగిన మూడో సంగతి ఇదే. గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఎర్రకణంలో డీపీజీ అనే పదార్థం పెరిగి, ఆక్సిజన్ కండరాల దగ్గర మరింత సులువుగా ఊడి వస్తుంది. నెలల తరబడి మెల్లగా తగ్గితే ఒళ్లు అలా సర్దుకుంటూనే ఉంటుంది, మనిషి పనికి పోతూనే ఉంటుంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. నూటికి యాభైతొమ్మిది మంది! నాట్లు వేసే చేతులు, వంట చేసే చేతులు. ఇది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

రక్తహీనతకూ సుబ్బారావుగారికీ సంబంధం ఉంది; ఆయన అన్నగారిని స్ప్రూ జబ్బు తీసుకుపోయింది. అందులో పేగు పోషకాలను పీల్చుకోదు, రక్తం తరిగిపోతుంది. లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో, గర్భిణులకు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని 1931లో రాసింది. ఆ సారంలో పనిచేసేది ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావుగారి బృందం. భీమవరంలో పుట్టిన మనిషి చేయించిన మాత్ర ఇవాళ ఇనుము మాత్రతో కలిసి మన ఊళ్ల గర్భిణులకు ఉచితంగా అందుతోంది. మింగుతున్నారా లేదా అని అడిగేవాళ్లే తగ్గారు. రోగి దగ్గర కూర్చుని, తెలుగులో రెండు మాటలు మాట్లాడి, టీతో వేసుకోవద్దమ్మా అని చెప్పే ఓపిక మా రోజుల్లో ఇంకొంచెం ఉండేది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కార్బన్ డయాక్సైడ్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నా ముందు పెట్టిన సోడాలో ఉన్నదీ అదే వాయువు, నీళ్లలో బాగా కరుగుతుంది. అయినా రక్తం దాన్ని అలాగే వదిలేయదు. ఎర్రకణంలోని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము క్షణంలో దాన్ని నీళ్లతో కలిపేస్తుంది. దాదాపు 70 శాతం బైకార్బొనేట్‌గా మారి ప్లాస్మాలో ప్రయాణం చేస్తుంది, కొంత హిమోగ్లోబిన్‌కు అంటుకుని వస్తుంది, ఊపిరితిత్తుల్లో మళ్లీ వాయువై బయటికి పోతుంది. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ దీన్ని ఎక్కువగా మోస్తుందని 1914లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చూపించారు. మిగతాది డాక్టర్లకు తెలిసిందే.

ఒక్క కోరిక. రేపటి ఉచిత శిబిరం కరపత్రంలో బీపీ, షుగరు, ఆక్సీమీటర్ అని వేశారు. ఆ పక్కనే హిమోగ్లోబిన్ పరీక్షకు ఇంకో బల్ల వేయించండి. పొద్దున్నే నేనూ వచ్చి కూర్చుంటాను.