5,500 పడిందా, 7,500 పడిందా? రైతు భరోసా – పీఎం కిసాన్ లెక్క ఇదీ
(పాకాలలో రైతులతో మాట్లాడిన మాటలు – జూన్ 2020)

మాస్కులు తీయొద్దండి, దూరం దూరంగా కూర్చోండి. ఎక్కువసేపు తీసుకోను.

మే 15న రైతు భరోసా డబ్బులు పడినప్పటి నుంచి నాకు వస్తున్న ఫోన్లలో ఎక్కువగా ఒకటే ప్రశ్న. "సార్, నాకు 5,500 పడింది. పక్క చేను గుత్తకు చేసే ఆయనకు 7,500 పడింది. నా 2,000 ఎవరు తిన్నారు?" మా అమ్మ కూడా ఇదే అడిగింది. ఈ అనుమానంతో గట్టు గట్టు పక్కోళ్లే మాటలు మానేస్తున్నారు. అందుకే లెక్క విడదీసి చెప్తాను.

ఏడాదికి మొత్తం 13,500 రూపాయలు. ఇందులో రాష్ట్రం వాటా 7,500, కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చేది 6,000. మొదటి విడత 7,500. కరోనా వచ్చిందని మార్చి 26న కేంద్రం గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించి, పీఎం కిసాన్ 2,000 ఏప్రిల్‌లోనే వేసింది. అప్పుడు లాక్‌డౌన్. బ్యాంకుకు పోయి పుస్తకం ఎక్కించుకున్నవాళ్లు తక్కువ. మిగతా 5,500 మేలో పడింది. రెండూ కలిపితే 7,500. ఉన్న మాట చెప్పాలి కదా: ఆ 2,000 కరోనా కోసం అదనంగా ఇచ్చింది కాదు, ఇవ్వాల్సిందే ముందుగా ఇచ్చారు.

మరి గుత్తకు చేసేవాళ్లకు ఒకేసారి 7,500 ఎందుకు? పీఎం కిసాన్ సొంత భూమి ఉన్నవాళ్లకే. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు అది రాదు. అందుకే వాళ్లకు 13,500 మొత్తం రాష్ట్రమే ఇస్తోంది. మీ దాంట్లో కోసి వాళ్లకు పెట్టింది కాదు.

ఇక భూమి యజమానులకు ఒక మాట. కౌలు రైతుకు ఈ సాయం అందాలంటే పంట సాగుదారు హక్కు పత్రం కావాలి. దానికి మీ సంతకం కావాలి. "సంతకం పెడితే భూమి పోతాది" అని భయపడొద్దు. 2019 చట్టం ప్రకారం ఆ పత్రం 11 నెలలకే. పంట మీదే హక్కు, భూమి మీద కాదు. కౌలు రైతుకు వస్తే మీకు వచ్చేది ఆగిపోదు. లాక్‌డౌన్‌లో మామిడి, టమోటా అమ్ముకోలేక ఆయన పడిన కష్టం మీరు కళ్లారా చూశారు. మీ సంతకం లేకపోతే ఆయనకు ఒక్క రూపాయి కూడా రాదు.

ఇప్పుడు చేయాల్సినవి:

1. బ్యాంకు పుస్తకంలో ఏప్రిల్, మే రెండు నెలలూ ఎక్కించుకోండి.
2. ఏప్రిల్ 2,000 పడకపోతే ఆధార్, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం తీసుకుని సచివాలయంలో వ్యవసాయ సహాయకుడిని కలవండి. ఆధార్‌లో పేరు ఒకలా, పాసు పుస్తకంలో ఇంకోలా ఉందేమో చూసుకోండి.
3. పాత అప్పు కింద ఈ డబ్బు జమ చేసుకోకూడదు. అలా జరిగితే 1902కు ఫోన్ చేయండి.
4. ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు.

అక్టోబరులో 4,000, సంక్రాంతికి 2,000 రావాలి. అప్పుడు కూడా పక్కాయనను అనుమానించే ముందు ఒకసారి పుస్తకం తెరిచి చూడండి. చదవడం రాకపోతే సచివాలయానికి రండి, కూర్చోబెట్టి లెక్క చెప్తాము.